తమ్ముడు దొరికిండు

ఆయన చెయ్యి స్టార్టర్ డబ్బా లోపల ఉండగానే మోటరు మొదలైంది.

పట్టపగలు. బత్తాయి తోట గట్టు మీద ఆయన తమ్ముడి భార్య ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఫోను తెర మీద రెండే గుండ్రాలు. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. ఎర్రదాన్ని ఒత్తితే మోటరు ఆగిపోవాలి. ఒత్తింది. ఆగలేదు. మళ్లీ ఒత్తింది. కలవడం లేదని ఫోను చూపించింది. "బావా, చెయ్యి తియ్! బావా!" అని గొంతు చించుకుంది. ఆయనకు వినబడలేదు. పెళ్లిళ్లలో, జాతరల్లో పెద్ద స్పీకర్ల పక్కన బతుకంతా కూర్చున్న మనిషి. చెవులు ఎప్పుడో మందగించాయి. తీగ మీద వేసిన వేళ్లు అక్కడే బిగుసుకుపోయాయి.

ఆమె దగ్గరికి పోలేదు. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే ముట్టుకోవద్దని, దూరం నుంచే ఆపాలని ఆమెకు నేర్పింది ఆయనే. నేర్పినట్టే దూరంగా నిలబడి ఫోను ఒత్తుతూ ఉండిపోయింది. అరుపులు విన్నవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దాకా ఉరికి కరెంటు తీసేసరికి అంతా అయిపోయింది.

నేను నల్లగొండ నుంచి చేరుకునేటప్పటికి శవాన్ని దవాఖానకు తీసుకుపోయారు. స్టార్టర్ తలుపు తెరిచే ఉంది. పక్కన కర్రకు కట్టిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో ఆయన చేత్తో అతికించిన సామాను, చిన్న ఎర్ర దీపం, అడుగున పాత బండి బ్యాటరీ. ఆ దీపం తొందర తొందరగా కొట్టుకుంటోంది. ఆమె గట్టు మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"అప్పుడు గిట్ల లేకుండె అన్నా," అంది దీపం వైపు చూపించి. "మెల్లగ కొట్టుకుంటుండె. ఎవలో ఉన్నరు లోపట."

ఆ మాటకు అర్థం తెలియాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

నార్కట్‌పల్లిలో హైవే పక్కన, బస్సులు మలుపు తిరిగే చోట, పంక్చర్ దుకాణం వెనక ఆయన షాపు ఉండేది. బోర్డు లేదు. రేకుల కప్పు మీద బోర్లించిన రెండు పాత మైకు గొట్టాలే బోర్డు. ఆయన పేరు ఎవరూ వాడేవాళ్లు కాదు. చిన్నా పెద్దా అందరికీ మైకన్న. రామన్నపేట పోయే దారిలో ఉన్న ఆయన ఊరివాళ్లయితే ఇంటి పేరు కూడా మరిచిపోయి పెళ్లి పత్రికల మీద 'మైకన్న గారికి' అని రాసి ఇచ్చేవాళ్లు.

ఏ పని మొదలుపెట్టినా ముందు "హలో, హలో" అనేవాడు. మైకు ముందు అనాల్సిన మాటే అది. కానీ ఆయనకు ఎక్కడ ఆపాలో తెలియదు. చాయ్ గ్లాసు చేతికి రాగానే అంచు మీద వేలితో రెండు దెబ్బలు కొట్టి, లోపలికి తొంగి చూసి, అప్పుడు తాగేవాడు. కొత్త చెప్పులు కొంటే వాటితో నేలను తట్టి "హలో" అనేవాడు. మాట్లాడేటప్పుడు కుడి చెవిని మన వైపు తిప్పి, కళ్లు పక్కకు పెట్టుకునేవాడు. కొత్తవాళ్లు తమను లెక్కచేయడం లేదనుకునేవారు. అసలు సంగతి, ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది పోతోంది. తనకు వినబడదు కనుక లోకానికీ వినబడదనుకుని గట్టిగా మాట్లాడేవాడు. ఆయనతో రహస్యం చెప్పుకున్నవాళ్లు లేరు.

పెళ్లి చేసుకోలేదు. ఊరి చాయ్ హోటల్ యజమానికి ఇదొక తీరని వేడుక.

"ఊరందరి లగ్గాలకు పాటలు వెట్టినవ్. నీ లగ్గం నాడు కరెంటు పోయిందా ఏందే మైకన్నా?"

"కరెంటు ఉండె. ఆంప్లిఫయరే దొరకలే."

తమ్ముడు పోయాక మరదలి ఇంటికి ఆయన పోయే తీరు వేరు. వాకిట్లోనే నిలబడి "హలో, హలో" అనేవాడు. ఆమె బయటికి వచ్చాక చెప్పాల్సింది అక్కడి నుంచే చెప్పి తిరిగి వచ్చేవాడు. ఆ గడప ఆయన దాటగా చూసినవాళ్లు లేరు. పెళ్లిలేని బావ, మొగుడు పోయిన మరదలు. ఊరి నోళ్లకు ఏం దొరికితే చాలో ఆయనకు తెలుసు. ఆమెది పాలమూరు దిక్కు పల్లె. మొగుడు పోయినప్పుడు తల్లిగారింటికి వచ్చెయ్యమన్నారు. బత్తాయి చెట్లు కాతకు వచ్చే వేళ, నీళ్లున్న బోరు, ఇరవై గొర్రెలు. వదిలి పోనంది. ఆమె పోనన్నది కనుక, ఆమెకు ఏమీ కాకుండా చూడడం తన పని అనుకున్నాడు ఆయన. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కానీ తర్వాత ఆయన చేసిందంతా అదే.

ఆయనతో నా పరిచయం ఆ తమ్ముడి చావుతోనే. తెలంగాణ వచ్చిన కొత్త. నేను అప్పుడు నార్కట్‌పల్లి విలేకరిని. బాయికాడ, అంటే పొలంలో బోరు దగ్గర, మోటరు పెట్టబోయి ఒక రైతు చనిపోయాడని తెలిసి వార్త పంపాను. సింగిల్ కాలమ్‌లో వచ్చింది. తర్వాత కొన్నాళ్లకు ఒక మనిషి ఆ పేపరు మడత పెట్టుకుని నా గదికి వచ్చాడు. తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి "హలో" అన్నాడు.

"గిది నువ్వేనా రాసింది?"

"నేనే."

"గీ ముక్క ఏంది?" వేలు శీర్షిక మీద పెట్టాడు.

"విద్యుదాఘాతం. అంటే షాకు కొట్టడం."

"కొట్టలే." కుడి చెవి నా వైపు ఉంది, కళ్లు గోడ మీద. "కొడితే మనిషి అవుతల వడ్తడు. లేస్తడు, తిడ్తడు, ఇంటికొచ్చి అన్నం తింటడు. నన్ను బతుకంత కొట్టింది, ఏమైంది? మా తమ్మున్ని పట్టుకున్నది. పట్టుకొని ఇడవలే. కరెంటు పట్టి సచ్చిండని రాయాలె."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఆ రోజు బాయికాడ మనుషులు లేకపోలేదు. పక్క చేన్లో నాట్లు వేస్తున్నవాళ్లంతా ఉరికి వచ్చారు. చుట్టూ నిలబడ్డారు. మోటరును ఆపే ఎర్ర బటను స్టార్టర్ డబ్బా మీద ఎదురుగానే కనబడుతోంది. అది ఒత్తాలంటే డబ్బాను ముట్టాలి. ముడితే వాళ్లనూ పట్టుకుంటుంది.

"వాళ్ల తప్పు లేదు," అన్నాడు. "మంచోళ్లే. ఏడ్సుకుంట చూసిన్రు. బటను, సావు ఒక్కకాడ వెట్టిన్రు గదా, ఎవ్వలేం జేస్తరు? బటను ఆడ ఉండొద్దు పేపరన్నా. అందరి చేతులల్ల ఉండాలె."

అప్పటి నుంచి నేను ఆయనకు పేపరన్నను.

ఆ మాటను ఆయన ఎన్నేళ్లు మోశాడో, ఏ రూపంలో మోశాడో నాకు మెల్లగా తెలిసింది. డీజేలు వచ్చాక మైకు సెట్టును పిలిచేవాళ్లు తగ్గిపోయారు. గొట్టాలు రేకుల మీదికి ఎక్కాయి. జేబులో పట్టే స్పీకర్లు బాగుచేస్తూ బతికాడు. తీగ లేకుండా ఫోనులోని పాట స్పీకర్లోకి ఎలా వస్తుందో విప్పి చూశాడు. బొటనవేలంత పలక కనబడింది. బ్లూటూత్ మాడ్యూల్. పాట వచ్చినప్పుడు మాట రాదా, మాట వచ్చినప్పుడు 'బంద్' అన్న మాట రాదా అనుకున్నాడు.

ఈలోగా ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. కరెంటు రాగానే మోటరు దానంతటదే మొదలయ్యే ఆటో స్టార్టర్లను తీసేయమన్నారు. ఊళ్లో అందరితో పాటు మరదలూ తీసేసింది. అంటే రోజూ బాయికాడికి పోయి, మొగుణ్ని పట్టుకున్న ఆ డబ్బా మీద ఆమె స్వయంగా వేలు పెట్టాలి. రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఎండిన కందికట్టెతో పచ్చ బటను నొక్కి, ముఖం పక్కకు తిప్పుకునేది. ఆయన గట్టు మీది నుంచి అది ఒకసారి చూశాడట. మర్నాడే హైదరాబాద్ బస్సెక్కి, కోఠి గల్లీల్లో సామాను కొనుక్కుని వచ్చాడు.

ఒక బ్లూటూత్ మాడ్యూలు, ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, రెండు రిలేలు. రిలే అంటే చిన్న స్విచ్చు, వేలికి బదులు అది నొక్కుతుంది. బోర్డుకు ఆయన పెట్టుకున్న పేరు జీతగాడు. "చెప్పిందే చేస్తడు. సొంత తెలివి లేదు, సొంత తప్పు లేదు." ఫోను నుంచి మాట మాడ్యూలుకు రావాలి, మాడ్యూలు జీతగాడికి చెప్పాలి, జీతగాడు రిలేను నొక్కించాలి. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. చెవి ఆనించి పెట్టుకున్నా సగమే వినబడేది. మిగతా సగం చేతులు చూసి పోల్చుకునేవాడు.

చాలాకాలం అది పని చేయలేదు. నేను షాపుకు పోయినప్పుడల్లా బల్ల మీద అదే సామాను, అదే సోల్డరింగ్ పొగ.

"అన్ని సక్కగనే కలిపిన. ఫోనుకు దొరుకుతది. జత అయితది. గని మాట ముందల్కి పోతలేదు. గీనికేం రోగమో."

ఒకనాడు పొద్దున ఆయనే ఫోను చేశాడు. చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"నోటికి నోరు వెట్టిన పేపరన్నా!"

"ఏంటది?"

"షాపుకు రా."

పోయాను. చాయ్ తెప్పించి, గ్లాసు అంచు మీద కొట్టి, చెప్పాడు. మాడ్యూలుకూ బోర్డుకూ చెరి రెండు కాళ్లున్నాయి. ఒకటి చెప్పేది, ఒకటి వినేది. ఆయన చెప్పేదాన్ని చెప్పేదానికి, వినేదాన్ని వినేదానికి కలిపాడు. పేర్లు కలిశాయి కదా అనుకున్నాడు.

"ఇద్దరు ఒర్లుడే, ఇనేటోడు లేడు. మా ఊరి పంచాయితీ లెక్క. నోటిని తీస్కపోయి చెవికి వెట్టాలె. గంతే. గింత దానికి ఇన్నొద్దులు తిప్పలవడ్డ."

ఆ రెండు తీగలకూ ఆయన కాగితం ముక్కలు అతికించాడు. ఒక దాని మీద 'చెప్పేది', ఇంకోదాని మీద 'ఇనేది' అని రాసి ఉంది. అంతకుముందు రెండు మాడ్యూళ్లు కాలిపోయాయి. బల్ల అంచున పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఎందుకు కాలాయని అడిగాను.

"జీతగాడు అయిదు వోల్టులతోని ఒర్లుతడు. దీని చెవి సన్నది, మూడు వోల్టులకే. గట్టిగ ఒర్లితే పలిగిపోతది. నడుమ రెండు రెసిస్టర్లు వెట్టి మెల్లగ చెప్పిపియ్యాలె." తన కుడి చెవిని వేలితో తట్టుకున్నాడు. "నాకు గిట్ల నడుమ ఎవలన్న రెసిస్టర్ వెడితే బాగుండు."

నవ్వాడనుకుని నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మాడ్యూలు మీది దీపాన్ని చూపించాడు. తొందర తొందరగా కొట్టుకుంటోంది.

"గిట్ల కొట్టుకుంటే దేవులాడుతున్నట్టు. ఎవ్వలు దొరకలే. నీ ఫోను తియ్."

తీశాను. ఆ యాప్ ఎవరో చేసి ఉచితంగా పెట్టింది. గుండ్రాలను మనకు కావలసినట్టు అమర్చుకోవచ్చు. ఆయన అమర్చింది నా ఫోనులోకి పంపాడు. దగ్గర్లో ఏమున్నాయో వెతకమన్నాడు. తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో ఒక పేరు వచ్చింది. తమ్ముడు.

మాడ్యూలుకు మనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చని ఎక్కడో చూశాడట. ఆయన పెట్టిన పేరు అది.

"దొరికిండా?"

"దొరికాడు."

"తమ్ముడు దొరికిండు!" అని ఎంత గట్టిగా అరిచాడంటే పంక్చర్ దుకాణంలో ట్యూబు పట్టుకుని ఉన్నతను లేచి చూశాడు. దీపం నెమ్మదించింది. ఒక మినుకు, ఆగడం, మళ్లీ ఒక మినుకు. "గిట్లయితే ఎవలో ఉన్నట్టు లోపట. ఒక్కలు లోపట ఉంటే ఇంకొకలను రానియ్యడు. నువ్వు బయటికొస్తేనే నేను పోవాలె." ఆ ఒక్క నియమాన్ని ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు.

పచ్చది ఒత్తమన్నాడు. బల్ల మీది బల్బు వెలిగింది. ఎర్రది. ఆరింది. ఆయన బల్బు మీద వేలితో తట్టి, చాలా నెమ్మదిగా, ఆయన గొంతులో నేనెప్పుడూ వినని నెమ్మదితో "హలో" అన్నాడు.

దాన్ని బాయికాడ బిగించిన రోజు మరదలు గట్టు మీద నిలబడి పచ్చ గుండ్రాన్ని ఒత్తింది. పైపులో నీళ్లు దూకాయి. "ముట్టకుంటనే వచ్చినయ్ బావా," అందట. ఆ మాట ఆయన నాకు ఫోనులో రెండుసార్లు చెప్పాడు. ఒకసారి ఆమె అన్నట్టు, ఒకసారి తన గొంతుతో.

అక్కడితో ఆగి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. ఆయన ఆగలేదు. అందరి చేతుల్లో ఉండాలన్న మాట ఆయన మరిచిపోలేదు. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఆ యాప్‌ను అందరి ఫోన్లలో వేశాడు. ఎవరు బాయికాడ పడిపోయినా, దారిన పోయేవాళ్లెవరైనా గట్టు మీది నుంచే ఆపగలగాలి. తాళం మాట, అంటే పాస్‌వర్డ్, కూడా మార్చలేదు. మాడ్యూలుతో పాటు వచ్చిన ఒకటి రెండు మూడు నాలుగు అలాగే ఉంచి, స్టార్టర్ గుంజ మీద తెల్లరంగుతో పెద్దగా రాసి పెట్టాడు. యాప్ తెరిచి ఉన్న ఫోను దగ్గరికి వస్తే చాలు, అడగకుండానే తమ్ముడితో కలిసేటట్టు పెట్టాడు. ఆపద వేళ ఎవరికి వేళ్లు ఆడతాయి, ఎవరికి అక్షరాలు కనబడతాయి అని ఆయన లెక్క.

ఆ రోజుల్లో ఒకసారి ఆ ఊరి చాయ్ హోటల్లో కూర్చున్నాను. ఆయన అందరి ఫోన్లూ తీసుకుని ఒకదాని తర్వాత ఒకటి సరిచూస్తున్నాడు. హోటల్ యజమాని గ్లాసులు కడుగుతూ ఊరుకోలేదు.

"పేరేందన్నవే దీనిది?"

"బ్లూటూత్."

"అంటే?"

"బ్లూ అంటే నీలి. టూత్ అంటే పన్ను," అన్నాను నేను.

"ఇంటి పన్ను కట్టినం, నీటి పన్ను ఇన్నం. గిదేం నీలి పన్నే మైకన్నా? ఎవలికి కట్టాలె?"

"కట్టకుంటే కరెంటు పట్కుంటది," అన్నాడు ఆయన ఫోను మీది నుంచి తల ఎత్తకుండా.

"ఎంత దూరం పనిజేస్తది?"

"గట్టు దాక."

"గట్టు దాకనా!" అక్కడున్నవాళ్లందరి వైపు తిరిగాడు. "ఇంటి నుంచి గట్టు దాక నడిచినోడు, ఇంకింత నడిచి బటను ఒత్తరాదా? గింత సంబరమా గీ డబ్బాకు?"

అందరూ నవ్వారు. ఆయనకు సరిగ్గా వినబడలేదు. కుడి చెవి తిప్పి, మళ్లీ చెప్పమన్నాడు. హోటల్ యజమాని మళ్లీ చెప్పాడు, ఈసారి కొంచెం తగ్గి.

"గా ఇంకింతలనే మా తమ్ముడు పోయిండు," అన్నాడు.

హోటల్ యజమాని చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. ఆ ఇబ్బందిని తప్పించడానికో ఏమో, నాకు తోచిన ప్రశ్న అడిగాను. ఆపద వస్తే ఆపడానికే కదా ఊరికి ఇస్తున్నది, అందరి ఫోన్లలో ఎర్ర గుండ్రం ఒక్కటే పెట్టొచ్చు కదా, పచ్చది మరదలి ఫోనులో ఉంటే సరిపోదా అని.

ఆయన చుట్టూ చూశాడు. వాళ్లంతా వింటున్నారు. ఆయన చేతిలో ఉన్నది వాళ్లలో ఒకరి ఫోనే.

"పచ్చది తీసిస్తే, మిమ్ముల నమ్మ అని మొఖం మీద చెప్పినట్టు గాదా పేపరన్నా?" అన్నాడు. "మా తమ్మున్ని సూడనీకి ఉరికొచ్చిన్రు వీళ్లు. ఏడ్సిన్రు. వీళ్ల చేతుల సగం వెట్టి సగం గుంజుకోవాల్నా?"

"మంచిగ చెప్పినవ్ మైకన్నా," అన్నారు ఎవరో. హోటల్ యజమాని ఆ రోజు ఆయనకు చాయ్ మళ్లీ పోశాడు.

చాలాకాలం ఏ చిక్కూ రాలేదు. ఒకటి రెండుసార్లు ఎవరో దారిన పోతూ సరదాకు ఒత్తి చూశారని, వేళ కాని వేళ మోటరు మొదలైతే తాను ఆపేశానని మరదలు ఆయనతో అన్నదట. ఆయన వాళ్లను పట్టి అడగలేదు. "పనిజేస్తుందో లేదో చూసుకుంటున్రు. మంచిదే గదా," అన్నాడట.

చివరి రోజు సంగతి ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. మోటరు గుర్రుమంటోంది కాని నీళ్లు సరిగ్గా రావడం లేదు. స్టార్టర్ నుంచి మోటరుకు పోయే తీగ ఒకటి వదులైంది. ఆయన ఎర్రది ఒత్తి మోటరు ఆపి, ఆపడానికి ఎవరికైనా దారి ఖాళీగా ఉండాలని యాప్ నుంచి బయటికొచ్చి, ఫోను జేబులో వేసుకున్నాడు. మరదలిని గట్టు మీద నిలబెట్టి, మోటరు మొదలైతే చాలు, యాప్ తెరిచి ఎర్రది ఒత్తమన్నాడు. ఆపి ఉన్నంతసేపు ఆ తీగలో కరెంటుండదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి కరెంటే తీసేద్దాం బావా అందామె. అక్కడ తీస్తే చుట్టుపక్కల అందరి మోటర్లూ ఆగుతాయి. "నాట్ల కాలం, అందరికి నీళ్లు వారుతున్నయ్. మన ఒక్కల కోసం బంద్ వెడ్తమా?" అని తలుపు తెరిచి చెయ్యి పెట్టాడు.

మోటరు మొదలైంది. ఆమె యాప్ తెరిచింది. అది తమ్ముడితో కలవలేదు. లోపల ఒకరు ఉంటే ఇంకొకరిని రానివ్వడు.

గట్టు పక్కనే బాట. ఆ వేళకు నాటుకు పోయే ఆడవాళ్లతో ఒక ఆటో పోతోంది. ఒక మోటారుసైకిలు పోయింది. గొర్రెల వెనక ఒక ముసలాయన. అందరి దగ్గరా ఫోన్లున్నాయి. ఎవరైనా కావాలని ఒత్తి ఉంటారని ఆమె అనుకోవడం లేదు. నేనూ అనుకోవడం లేదు. జేబులో తెరిచి ఉన్న ఫోను తొడకు ఒత్తుకున్నా చాలు. మోటరు మొదలైన చప్పుడుకు వాళ్లు తిరిగి చూసి ఉంటే, అదీ రోజూ వినే చప్పుడే.

కరెంటు డిపార్టుమెంటు మనిషి వచ్చి చూశాడు. అనుభవం ఉన్నవాడు. రిలేలు ఒక్కోసారి లోపలే అతుక్కుని వాటంతటవే మోటరును మొదలు పెడతాయన్నాడు. ఎవరూ ఒత్తకపోయినా జరిగి ఉండొచ్చన్నాడు. పై నుంచి కరెంటు తీయకుండా చెయ్యి పెట్టడమే తప్పన్నాడు.

"అమ్మా, నీ ఫోను కలిసినా ఆగకుండెనేమో. మనసుల వెట్టుకోకు," అన్నాడు ఆమెతో.

ఆమె తల అడ్డంగా ఊపింది. "దీపం మెల్లగ కొట్టుకుంటుండె," అంది. "అతుక్కుంటే దీపమెందుకు మెల్లగైతది?"

ఆ దీపాన్ని ఆ క్షణాన చూసింది ఆమె ఒక్కతే.

ఆ రాత్రి వార్తలో 'కరెంటు పట్టి' అని రాసి పంపాను. పొద్దున పేపర్లో 'విద్యుదాఘాతంతో' అని వచ్చింది. డెస్కులో మార్చారు. వాళ్లకు అది అలవాటైన మాట.

ఏడాది మాసికం అయ్యాక ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో నిలబడ్డాను. పిలవబోయి, నా నోట ఏ మాట వస్తుందోనని ఆగి, దగ్గాను. ఆమె బయటికి వచ్చింది. చేతిలో ఎండిన కందికట్టె ఉంది. బాయికాడికి బయలుదేరుతోంది. రబ్బరు చెప్పులు వేసుకుంది.

అరుగు పక్క గూట్లో ఆ టిఫిన్ డబ్బా ఉంది. మూత లేదు. కాగితం ముక్కలు వెలిసిపోయినా 'చెప్పేది', 'ఇనేది' చదవొచ్చు. బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టి ఉంది. ఎర్ర దీపం తొందర తొందరగా కొట్టుకుంటోంది.

"ఎందుకమ్మా ఇది?"

"బాట మీదికెల్లి రోజు అందరు పోతరు. ఎవల ఫోన్ల తెరిచి ఉన్నదో వాళ్లొస్తే మెల్లగైతది."

"తెలిసి ఏం చేస్తావు?"

"ఏం జెయ్య. నువ్వు కావాలని చెయ్యలే బిడ్డా అని చెప్త. గంతే." కట్టె గోడకు ఆనించింది. "నీ ఫోను తియ్ అన్నా."

తీశాను. నేను ఆ రోజు నల్లగొండలో ఉన్న సంగతి ఆమెకు తెలుసు. అయినా తీశాను. యాప్ అలాగే ఉంది. తెరిచాను. తమ్ముడు దొరికాడు. గూట్లో దీపం నెమ్మదించింది. ఒక మినుకు, ఆగడం, మళ్లీ ఒక మినుకు.

ఆమె చాలాసేపు దాన్ని చూసింది. గట్టు మీద చూసింది ఇదేనా కాదా అని సరిపోల్చుకుంటున్నట్టు చూసింది.

"గిట్లనే," అంది. "గిట్లనే ఉండె. ఇగ బంద్ వెట్టు."

మూసేశాను. దీపం మళ్లీ వెతకడం మొదలుపెట్టింది. ఆమె కట్టె తీసుకుని బాయికాడికి నడిచింది.

తిరిగి వస్తూ చాయ్ హోటల్ దగ్గర ఆగాను. హోటల్ యజమాని గ్లాసు ముందు పెట్టి, నేను అడగకుండానే చెప్పాడు.

"నా ఫోన్ల లేదన్నా. ఆయన సచ్చిన నాడే తీసేసిన. నేనేం జెయ్యలే, ఆ పొద్దు ఈడ్నే ఉన్న. గని ఉంటే ఏమంటరో అని భయమైంది. అందరు తీసేసిన్రు."

ఆటోలో పోయిన ఆడవాళ్లు తీసేశారు. మోటారుసైకిలు అతను తీసేశాడు. గొర్రెల ముసలాయనది కొడుకు తీసేశాడు. ఏ తప్పూ లేనివాళ్లు, ఆ రోజు ఊళ్లోనే లేనివాళ్లు కూడా తీసేశారు. ఇప్పుడు ఆ యాప్ ఉన్నది నా ఫోనులో, ఆమె ఫోనులో. ఆమె ఇంటి ముందు నుంచి ఊరంతా నడుస్తోంది. గూట్లో దీపం ఇంకా తొందర తొందరగానే కొట్టుకుంటోంది.